మూడు ఊళ్ల మధ్య పట్టే నక్షత్రం

ఒక నక్షత్రాన్ని ఎంతవరకు నొక్కవచ్చు? నొక్కుతూ పోతే అది నల్లబిలంగా మారాల్సిందేనా, ఆలోగా ఆగి నిలబడే మెట్టు ఏదైనా ఉందా? నల్లబిలాల గురించి వార్తల్లో చదివినవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. దీనికి భౌతిక శాస్త్రజ్ఞులు యాభై ఏళ్లకు పైగా ఒక విచిత్రమైన జవాబును పరీక్షిస్తున్నారు. దాని పేరు క్వార్కు నక్షత్రం.

ముందు దాని పరిమాణం ఎంతో తెలియాలి. తెలంగాణ పటం తీసుకుని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలను మూడు గీతలతో కలపండి. రోడ్డు వంపులు వదిలేసి నేరుగా కొలిస్తే సూర్యాపేట నుంచి కోదాడ దాదాపు 40 కిలోమీటర్లు, కోదాడ నుంచి మిర్యాలగూడ 45, మిర్యాలగూడ నుంచి సూర్యాపేట 30. ఆ త్రిభుజం లోపల మూడు భుజాలనూ తాకేలా ఒక వృత్తం గీయండి. బడిలో జ్యామితి చదివినవాళ్లు దాన్ని అంతర వృత్తం అంటారు. లెక్క వేస్తే దాని వ్యాసార్థం సుమారు 10 కిలోమీటర్లు వస్తుంది. సాగర్ ఎడమ కాలువ నీళ్లతో వరి పండే ఆ నేల మీద గీసిన ఆ వృత్తమంతే ఉంటుంది, మనం మాట్లాడుకోబోయే నక్షత్రం అడ్డుకోత. అందులో ఇమిడే పదార్థం మాత్రం సూర్యుడి బరువుకు ఒకటిన్నర రెట్ల వరకు, కొన్నిసార్లు రెండు రెట్ల వరకు ఉండవచ్చు. సూర్యుడొక్కడే 3,30,000 భూముల బరువని గుర్తుంచుకుంటే ఈ మాట ఎంత పెద్దదో తెలుస్తుంది.

కూలిపోవడం ఎక్కడ ఆగుతుంది?

నక్షత్రం బతికున్నంత కాలం దానిలో పోరు నడుస్తూనే ఉంటుంది. సొంత బరువు లోపలికి లాగుతుంది, లోపలి వేడి బయటికి తోస్తుంది. ఇంధనం అయిపోతే వేడి తగ్గుతుంది, బరువు గెలుస్తుంది. సూర్యుడిలాంటి నక్షత్రం భూమంత గోళంగా కుంగి ఆగిపోతుంది. దాన్ని నిలబెట్టేవి ఎలక్ట్రాన్లు. ఒకే రకం కణాలు రెండు ఒకే స్థితిలో ఉండవన్న ప్రకృతి నియమం వల్ల అవి ఇంకా దగ్గరికి రావడానికి ఒప్పుకోవు. వేడి లేకపోయినా ఈ ఒత్తిడి మిగులుతుంది.

ఈ ఒత్తిడికీ హద్దు ఉంది. 1930లో ఇంగ్లండుకు ఓడలో వెళ్తూ పందొమ్మిదేళ్ల సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ ఆ హద్దు లెక్క మొదలుపెట్టారు. అది సూర్యుడి బరువుకు దాదాపు 1.4 రెట్లు. అంతకు మించిన బరువును ఎలక్ట్రాన్లు మోయలేవు. అప్పుడు ఎలక్ట్రాన్లు ప్రోటాన్లలోకి దూరిపోయి న్యూట్రాన్లుగా మారతాయి. న్యూట్రాన్‌ను చాడ్విక్ కనిపెట్టింది 1932లో. రెండేళ్లకే, 1934లో, బాడే, జ్వికీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు న్యూట్రాన్లతోనే కట్టిన నక్షత్రం ఉండవచ్చన్నారు. కణం దొరికిన రెండేళ్లకే దానితో నక్షత్రాన్ని ఊహించగలగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ముప్పై ఏళ్లకు పైగా ఆ ఊహ కాగితం మీదే ఉండిపోయింది. 1967లో కేంబ్రిడ్జిలో పరిశోధక విద్యార్థిని జోసెలిన్ బెల్, 1.33 సెకన్లకు ఒకసారి ఠంచనుగా వస్తున్న రేడియో సంకేతాన్ని గుర్తించింది. అది గిర్రున తిరుగుతున్న న్యూట్రాన్ నక్షత్రమని త్వరలోనే తేలింది. ఇలాంటివాటిని పల్సార్లు అంటారు. ఇప్పటికి వేల సంఖ్యలో దొరికాయి.

బియ్యపు గింజలు, పిండి

అసలు మలుపు ఇక్కడుంది. న్యూట్రాన్ విడదీయరాని కణం కాదు. 1964లో గెల్‌మాన్, జ్వైగ్ వేర్వేరుగా చెప్పినట్లు న్యూట్రాన్, ప్రోటాన్ రెండూ క్వార్కులతో తయారయ్యాయి. ఈ అధ్యాయానికి మూడు రకాలు చాలు: పై క్వార్కు, కింది క్వార్కు, వింత క్వార్కు. శాస్త్రజ్ఞులు వాటిని అప్, డౌన్, స్ట్రేంజ్ అంటారు. ఒక పై క్వార్కు, రెండు కింది క్వార్కులు కలిస్తే న్యూట్రాన్. వింత క్వార్కు మన చుట్టూ ఉన్న పదార్థంలో కనిపించదు. అది కింది క్వార్కుకు దాదాపు ఇరవై రెట్లు బరువైనది, ప్రయోగశాలలో పుట్టినా సెకనులో అతి చిన్న భాగంలోనే మాయమైపోతుంది.

మిర్యాలగూడ మిల్లులో నింపిన బియ్యం బస్తాను తలచుకోండి. ఎంత గట్టిగా కుక్కినా గింజ గింజగానే ఉంటుంది. దేని గీత దానిదే, ఏ గింజ ఎక్కడుందో చూపించవచ్చు. న్యూట్రాన్ నక్షత్రం అలాంటి బస్తా. అదే బియ్యాన్ని గిర్నీలో పట్టిస్తే పిండి వస్తుంది. పదార్థం అదే, బరువూ అదే, గింజ మాత్రం లేదు. ఈ పిండి రేణువు ఏ గింజలోదని అడిగితే అర్థం ఉండదు. న్యూట్రాన్లను ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయేంతగా నొక్కితే వాటి గీతలు చెరిగిపోయి, క్వార్కులన్నీ ఒకే రాశిగా కలిసిపోతాయి. అదే క్వార్కు పదార్థం. పోలిక ఇంతవరకే పనికొస్తుంది. పిండిని వదిలేస్తే చెదిరిపోతుంది. క్వార్కు పదార్థం తనను తానే పట్టి ఉంచుకుంటుందేమోనన్నదే అసలు ప్రశ్న.

1965లో సోవియట్ శాస్త్రజ్ఞులు ఇవనెంకో, కుర్ద్‌గెలాయిద్జే నక్షత్రం నడిబొడ్డున క్వార్కులు ఉండవచ్చని సూచించారు. 1970లో జపాన్ శాస్త్రజ్ఞుడు నవోకి ఇటో మొత్తం క్వార్కులతోనే కట్టిన నక్షత్రానికి తొలి లెక్కల్లో ఒకటి వేశాడు. 1971లో బోడ్మర్, 1984లో ఎడ్వర్డ్ విటెన్ మరో అడుగు ముందుకేశారు. మూడు రకాల క్వార్కులు కలిసిన పదార్థమే ప్రకృతిలో అన్నిటికంటే స్థిరమైనది కావచ్చు, మనం స్థిరమైందని నమ్మే ఇనుము కంటే కూడా స్థిరమైనది కావచ్చు అన్నారు.

బరువైన వింత క్వార్కు చేరితే స్థిరత్వం ఎందుకు పెరుగుతుంది? ఒకే రకం కణాలు రెండు ఒకే స్థితిలో ఉండవన్న నియమం మళ్లీ ఇక్కడ పనిచేస్తుంది. రెండు రకాల క్వార్కులే ఉంటే, కింది శక్తి మెట్లు నిండిపోయాక తక్కినవి పైపై మెట్లకు ఎక్కాలి. మూడో రకం వస్తే దానికి సొంత మెట్ల వరుస ఉంటుంది. పైమెట్టు మీదున్న కింది క్వార్కు, వింత క్వార్కుగా మారి ఆ కొత్త వరుసలో దిగువన చేరుతుంది. కాస్త బరువు పెరిగినా మొత్తం మీద శక్తి ఆదా అవుతుంది. పదార్థం ఎప్పుడూ తక్కువ శక్తి ఉన్న స్థితికే మొగ్గుతుంది కనుక ఆ మార్పు సాగుతుంది.

మరి మన చేతిలోని ఇనుప కడ్డీ ఎందుకు క్వార్కు ముద్దగా మారిపోవడం లేదు? మారాలంటే అణుకేంద్రంలో చాలా క్వార్కులు దాదాపు ఒకేసారి వింత క్వార్కులు కావాలి. ఒకటి రెండు మారితే శక్తి పెరుగుతుందే తప్ప తగ్గదు. అన్నీ ఒక్క క్షణంలో మారే అవకాశం ఎంత తక్కువంటే, విశ్వం వయసంతా వేచి చూసినా చాలదు. నక్షత్రం కేంద్రంలో మాత్రం ఆ నొక్కుడే ఈ పనికి దారి తెరుస్తుంది.

కాగితం మీద నక్షత్రం

ఇప్పటిదాకా ఎవరూ ఈ పదార్థాన్ని గరిటెడు తెచ్చి కొలవలేదు. అయినా దానితో కట్టిన నక్షత్రం ఎంత బరువు మోయగలదో, ఎంత వెడల్పు ఉంటుందో చెబుతున్నారు. ఎలా చెబుతున్నారన్నది ఈ శాస్త్రంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం.

1939లో టోల్మన్ ఒకవైపు, ఓపెన్‌హైమర్, వోల్కాఫ్ మరోవైపు ఆ దారి వేశారు. ముందు నక్షత్రం నట్టనడుమ పీడనం ఇంత అని ఒక విలువ అనుకుంటారు. అక్కడి నుంచి కొద్దికొద్దిగా బయటికి జరుగుతూ ప్రతి అడుగులో రెండు లెక్కలు వేస్తారు. ఈ పొర చేరడంతో లోపలి బరువు ఎంత పెరిగింది? ఈ పొరను దాటితే పీడనం ఎంత పడిపోయింది? అలా వెళ్తూ వెళ్తూ పీడనం సున్నా అయిన చోట నక్షత్రం ఉపరితలం వచ్చినట్లు. కేంద్రం నుంచి అక్కడికి దూరమే వ్యాసార్థం, అప్పటిదాకా పోగైనదే బరువు. కేంద్ర పీడనం మార్చి మళ్లీ మొదలుపెడితే మరో నక్షత్రం వస్తుంది. ఇలా ఒక కుటుంబం మొత్తాన్ని గీత మీద నిలబెట్టవచ్చు.

న్యూటన్ లెక్కకూ ఐన్‌స్టీన్ లెక్కకూ ఇక్కడ పెద్ద తేడా ఉంది. ఐన్‌స్టీన్ సిద్ధాంతంలో పీడనానికీ గురుత్వం ఉంటుంది. నక్షత్రం కూలకుండా ఉండాలని పీడనం పెరిగితే, ఆ పీడనమే నక్షత్రాన్ని ఇంకా లోపలికి లాగుతుంది. కాపాడేదే బరువుగా మారుతుంది. అందుకే ఎంత గట్టి పదార్థంతో కట్టినా గరిష్ఠ బరువు ఒకటి ఉండి తీరుతుంది. దాన్ని దాటితే నల్లబిలమే.

ఈ లెక్కకు ఒకే ఒక్క దినుసు బయటి నుంచి రావాలి: ఇంత సాంద్రత ఉన్నప్పుడు పదార్థం ఎంత పీడనంతో ఎదురు తిరుగుతుంది? దాన్ని స్థితి సూత్రం అందాం. పరిశోధకుల వాడుకలో అది ఈక్వేషన్ ఆఫ్ స్టేట్. చిక్కంతా ఇక్కడే. క్వార్కుల ప్రవర్తనకు క్వాంటం క్రోమోడైనమిక్స్ అనే మూల సిద్ధాంతం ఉంది. కాని ఈ సాంద్రతల దగ్గర దాన్ని నేరుగా కంప్యూటర్లతో లెక్కించే దారి ఇంకా దొరకలేదు. అందుకే నమూనాలు.

వాటిలో అందరికీ తెలిసింది 1974లో అమెరికాలోని ఎం.ఐ.టి. బృందం ఇచ్చిన సంచి నమూనా. శూన్యం క్వార్కులను తనలోకి రానివ్వదని, అవి ఉన్న చోటును చుట్టూ నుంచి నొక్కుతుందని ఇందులో అనుకుంటారు. ఆ నొక్కుడునే సంచి పీడనం అంటారు. ప్రోటాన్ ఒక చిన్న సంచి. క్వార్కు నక్షత్రమంతా కలిపి ఒకే పెద్ద సంచి. స్థితి సూత్రం కూడా మాటల్లో చెప్పగలిగినంత సులువు: శక్తి సాంద్రత నుంచి సంచి పీడనానికి నాలుగింతలు తీసేసి, మిగిలినదాన్ని మూడుతో భాగిస్తే పీడనం వస్తుంది. సంచి పీడనాన్ని పెంచితే నక్షత్రం చిన్నదవుతుంది, మోయగల బరువూ తగ్గుతుంది. విటెన్ ఊహకు అనువైన అతి తక్కువ విలువ దగ్గర గరిష్ఠ బరువు సూర్యుడికి రెండు రెట్లు, వ్యాసార్థం 11 కిలోమీటర్లు వస్తాయి. 1986లో అల్కాక్, ఫార్హీ, ఒలింటో ఒక బృందంగా, హెన్సెల్, జ్డూనిక్, షేఫర్ మరో బృందంగా ఈ నక్షత్రాల పూర్తి వర్ణన ప్రచురించారు.

భారతీయులు ఇక్కడ చేసిన పని తక్కువది కాదు. 1982లో గుజరాత్‌కు చెందిన పి.సి. వైద్య, రమేశ్ టికేకర్ అతి సాంద్ర నక్షత్రాలకు ఐన్‌స్టీన్ సమీకరణాల నుంచి కచ్చితమైన పరిష్కారం రాబట్టారు. ఇప్పటికీ దాని మీద కొత్త నమూనాలు కడుతూనే ఉన్నారు. 1998లో కోల్‌కతాకు చెందిన మీరా డే, జిష్ణు డే తమ సహచరులతో కలిసి, సంచి నమూనాకు భిన్నంగా, సాంద్రత పెరిగేకొద్దీ క్వార్కుల బరువు మారే కొత్త స్థితి సూత్రం ఇచ్చారు. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం అనువర్తిత గణిత శాఖలో డి.ఆర్.కె. రెడ్డి, వి.యు.ఎం. రావు, వారి శిష్యులు వింత క్వార్కు పదార్థం నిండిన విశ్వ నమూనాల మీద ఎన్నో పత్రాలు రాశారు. వారిది నక్షత్రాల లెక్క కాదు, విశ్వం మొత్తం లెక్క. అయినా గణిత సాధనాలు దగ్గరి చుట్టాలే.

మామూలు నక్షత్రానికీ దీనికీ తేడా

లెక్క ముగిశాక బయటపడే గుణాలు మనకు అలవాటైనవి కావు. మామూలు నక్షత్రం అంచు దగ్గర పలచబడుతూ పోతుంది. క్వార్కు నక్షత్రం అంచు కోసినట్లుంటుంది. ఉపరితలం దగ్గరే ఒక ఘన సెంటీమీటరు పదార్థం 40 కోట్ల టన్నుల బరువు తూగుతుంది. అణుకేంద్రం సాంద్రతకంటే కూడా అది ఎక్కువ. ఒక్క అడుగు బయటికి వస్తే శూన్యం. ఆ అంచు మీద ఎలక్ట్రాన్లు అతి పలుచని పొరగా తేలుతుంటాయి, అక్కడి విద్యుత్ క్షేత్రం భయంకరంగా ఉంటుంది. ఆ క్షేత్రం మామూలు అణుకేంద్రాల పొరను కొంత ఎత్తున మోయగలదని, అందుకే బయటి నుంచి అది న్యూట్రాన్ నక్షత్రంలాగే కనిపించవచ్చని ఒక వాదం. 2006లో ప్రశాంత్ జైకుమార్, సంజయ్ రెడ్డి, ఆండ్రూ స్టైనర్ మరో చిత్రం చూపించారు: అంచు అంత నున్నగా ఉండనక్కర్లేదు, క్వార్కు ముద్దలు ఎలక్ట్రాన్ల మధ్య చెదిరి ఉన్న పెంకు ఏర్పడవచ్చు అని.

అన్నిటికంటే ముఖ్యమైనది బరువుకూ వెడల్పుకూ ఉన్న సంబంధం. న్యూట్రాన్ నక్షత్రాన్ని పట్టి ఉంచేది గురుత్వం. కాబట్టి తేలికైన న్యూట్రాన్ నక్షత్రం ఉబ్బి ఉంటుంది, బరువు చేరేకొద్దీ బిగుసుకుంటుంది. క్వార్కు పదార్థం తనను తానే పట్టి ఉంచుకుంటుంది, గురుత్వం లేకపోయినా విడిపోదు. కాబట్టి చిన్న క్వార్కు నక్షత్రం చిన్నదిగానే ఉంటుంది, వ్యాసార్థం రెట్టింపయితే బరువు దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. గరిష్ఠ బరువు దగ్గరికి వచ్చాకే గురుత్వం పట్టు కనిపిస్తుంది. సూర్యుడికి 1.4 రెట్ల బరువు దగ్గర రెండు రకాల నక్షత్రాలూ వెడల్పులో దగ్గరదగ్గరగా ఉంటాయి. దురదృష్టమేమంటే మనం కొలవగలిగిన నక్షత్రాల్లో ఎక్కువ భాగం ఆ బరువు చుట్టుపక్కలే ఉన్నాయి. అందుకే ఈ వివాదం ఇన్నేళ్లయినా తెగలేదు.

దొరికిందన్నారు, తర్వాత కాదన్నారు

1987లో పక్క గెలాక్సీలో పేలిన నక్షత్రం శిథిలాల్లో, సెకనుకు దాదాపు రెండు వేల సార్లు తిరిగే పల్సార్ ఉందని 1989లో ప్రకటన వచ్చింది. అంత వేగానికి న్యూట్రాన్ నక్షత్రం తట్టుకోవడం కష్టం, క్వార్కు నక్షత్రమే అయి ఉంటుందని ఎందరో ఉత్సాహపడ్డారు. ఏడాది తిరిగేసరికి ఆ సంకేతం టెలిస్కోపుకు బిగించిన కెమెరా నుంచి వచ్చిందని తేలింది. ఇప్పటివరకు ఖాయంగా తెలిసిన అత్యంత వేగమైన పల్సార్ సెకనుకు 716 సార్లు తిరుగుతుంది. దాన్ని న్యూట్రాన్ నక్షత్రం సునాయాసంగా భరిస్తుంది.

1999లో కోల్‌కతా బృందం, ఇటలీ, నెదర్లాండ్స్, చైనా సహచరులతో కలిసి, సెకనుకు 401 సార్లు తిరిగే ఎక్స్‌రే పల్సార్ ఒకటి క్వార్కు నక్షత్రం కావచ్చని వాదించింది. 2002లో నాసా చంద్రా టెలిస్కోపు చూసిన మరో నక్షత్రం అంతకంటే పెద్ద సంచలనమైంది. అది మరీ చిన్నదిగా కనిపించింది. దూరాన్ని సరిదిద్ది, ఉపరితలం అంతటా ఒకే వేడి ఉండదని లెక్కలోకి తీసుకున్నాక దాని వెడల్పు మామూలు స్థాయికి వచ్చింది.

తర్వాత వచ్చిన కొలతలు నమూనాలను గట్టిగా పరీక్షించాయి. 2010లో ఒక పల్సార్ బరువు సూర్యుడికి 1.97 రెట్లని తేలింది. దాంతో అంత బరువు మోయలేని స్థితి సూత్రాలు, క్వార్కులవైనా న్యూట్రాన్లవైనా, ఒక్క దెబ్బకు పక్కకు పోయాయి. మరో పల్సార్ 2.08 రెట్లు తూగింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీది నైసర్ పరికరం 2021లో దాని వ్యాసార్థాన్ని 12 నుంచి 14 కిలోమీటర్ల మధ్య అంచనా వేసింది. ఇది సాదాసీదా సంచి నమూనాకు గట్టి ఇబ్బంది. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్న గురుత్వ తరంగాలు భూమికి చేరాయి. ఢీకొనే ముందు అవి ఒకదాని లాగుడుకు మరొకటి ఎంత సాగాయో ఆ తరంగాల్లో నమోదైంది. మరీ ఉబ్బిన నక్షత్రాలను చెప్పే నమూనాలు దానితో వెళ్లిపోయాయి. 2020లో ఫిన్లాండ్ కేంద్రంగా పనిచేసే ఒక బృందం, అతి బరువైన న్యూట్రాన్ నక్షత్రాల నడిబొడ్డున క్వార్కు పదార్థం ఉండే అవకాశం బలంగా ఉందని చూపింది.

2022లో వచ్చిన కొలత మళ్లీ ఆశ రేపింది. హెస్ జె1731-347 అనే శిథిలం మధ్యలోని నక్షత్రం బరువు సూర్యుడిలో 0.77 వంతు, వ్యాసార్థం 10.4 కిలోమీటర్లు అని జర్మనీ శాస్త్రజ్ఞులు ప్రచురించారు. పేలుడులో పుట్టే న్యూట్రాన్ నక్షత్రం సూర్యుడికి 1.2 రెట్ల కంటే పెద్దగా తగ్గదని సిద్ధాంతం చెబుతుంది. అంత తేలికైనది, పైగా అంత చిన్నది అంటే క్వార్కు నక్షత్రానికి సరిగ్గా సరిపోయే కొలతలు. కాని ఆ విలువలు దాని మీద కార్బన్ వాతావరణం ఉందన్న ఊహ మీద, దూరం అంచనా మీద నిలబడ్డాయి. అవి మారితే ఇవీ మారతాయి.

నా తీర్పు ఇది. మొత్తం క్వార్కులతోనే కట్టిన నక్షత్రం ఉందని రుజువయ్యే సాక్ష్యం ఇప్పటికి లేదు. న్యూట్రాన్ పెంకు లోపల క్వార్కు గుండె ఉన్న మిశ్రమ నక్షత్రానికే ఇప్పుడు ఎక్కువ అవకాశం కనిపిస్తోంది. అలాగని విటెన్ ఊహను కొట్టిపారేయడానికీ సాక్ష్యం లేదు.

ఇక్కడి నుంచి చేయగల పని

కొలిచే పరికరాలు మనకు దూరంగా లేవు. 2015లో ఆస్ట్రోశాట్, 2024 జనవరి 1న ఎక్స్‌పోశాట్ శ్రీహరికోట నుంచే ఎగిరాయి. రెండూ ఎక్స్‌రే కళ్లతో ఇలాంటి నక్షత్రాలను చూసేవే. పుణె దగ్గర ఖోడద్‌లోని రేడియో టెలిస్కోపుల సముదాయం పల్సార్లను కొలుస్తోంది. గురుత్వ తరంగాలను పట్టే లైగో ఇండియాకు 2023లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అది తెలంగాణ సరిహద్దుకు దగ్గర్లోనే, మహారాష్ట్ర హింగోలి జిల్లాలో రాబోతోంది.

సిద్ధాంతం వైపు అయితే పరికరాలే అక్కర్లేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ డిగ్రీ కళాశాలల్లో గణితం, భౌతికశాస్త్రం చదివే పిల్లలకు, వారికి పాఠం చెప్పే అధ్యాపకులకు ఇది నా విన్నపం. ఈ అధ్యాయంలో పొర పొరకూ చెప్పిన బరువు, పీడనం లెక్కలు రెండూ అవకలన సమీకరణాలు. వాటిని అడుగడుగునా సాధించే పైథాన్ ప్రోగ్రాం వంద వరుసలు కూడా దాటదు, మామూలు ల్యాప్‌టాప్ చాలు. సంచి పీడనానికి ఘన ఫెర్మీకి 60 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల విలువ ఇచ్చి మొదలుపెట్టండి. గరిష్ఠ బరువు సూర్యుడికి రెండు రెట్లకు కాస్త తక్కువ రావాలి. వస్తే మీ ప్రోగ్రాం సరిగ్గా ఉన్నట్లే. ఆ తర్వాత 2.08 రెట్ల పల్సార్‌ను నిలబెట్టడానికి ఆ సూత్రంలో ఏం మార్చాలో వెతకండి. ప్రపంచంలో ఈ రంగంలో పనిచేస్తున్నవాళ్లు ఇప్పుడు వెతుకుతున్నదీ అదే.